ధాతువుకు జనన ధ్రువపత్రం

రాష్ట్ర శాస్త్ర పరిభాషా సంస్థలో మొత్తం ముప్పయి అయిదు మంది ఉద్యోగులు. వాళ్లలో నిఘంటువు రాసేది ఒక్కరే, సహాయ సంపాదకురాలు గుడిమెట్ల విశాలాక్షి గారు. మిగతా ముప్పయి నలుగురూ ఆ పని సక్రమంగా జరుగుతోందని రిపోర్టులు రాస్తుంటారు. పని కంటే రిపోర్టులే ముందు పూర్తవడం ఆ ఆఫీసులో ఆనవాయితీ కాబట్టి, నిఘంటువు పూర్తయిందని ప్రభుత్వానికి ఇప్పటికి ఆరుసార్లు తెలియజేశారు. ఏడోసారి మాత్రం అది నిజంగానే పూర్తయింది.

ఇరవై రెండేళ్లు పట్టింది విశాలాక్షి గారికి. పాఠ్యపుస్తకాల్లోంచి, వైద్యుల చీటీల్లోంచి, గనుల్లో మేస్త్రీల నోళ్లలోంచి, నక్షత్రాలు చూసేవాళ్ల నోట్సుల్లోంచి ఒక్కొక్క మాటే ఏరి, అరచేయంత అట్టముక్క మీద రాసి, అర్థాలు వెతికి, అడిగి, సరిచూసి, చెక్కపెట్టెల్లో అక్షరక్రమంలో పేర్చారు. అలా నలభై ఒక్క వేల మూడు వందల ఆరు అట్టలు పోగయ్యాయి. ఆవిడకు పెళ్లయింది, కూతురుంది, మనవడున్నాడు, మోకాళ్ల నొప్పులున్నాయి. కానీ ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఆవిడకు ముందు గుర్తొచ్చేవి ఆ పెట్టెలే. జూన్ ఆఖరున రిటైర్మెంటు. ఈలోగా పుస్తకం చేతిలో పట్టుకుని చూసుకోవాలి, అంతే ఆవిడ కోరిక. కోరిక చిన్నదే కానీ దానికో గడువుంది. ప్రాజెక్టు మంజూరు మార్చి ముప్పయి ఒకటితో సరి. ఆ తేదీ లోగా రాతప్రతి అచ్చుకు వెళ్లకపోతే ప్రాజెక్టు రద్దవుతుంది. రద్దయిన ప్రాజెక్టు కాగితాలను కాగితం మిల్లుకు పంపాలని ఆఫీసు నియమం.

జనవరి మొదటి వారంలో ఆవిడ ప్రతిని డైరెక్టరు గారి సంతకానికి పంపారు. సరిగ్గా అదే వారంలో డైరెక్టరు మారాడు.

కొత్త డైరెక్టరు వత్సవాయి రామభద్రరాజు గారు అంతకుముందు పద్దెనిమిదేళ్లు జనన మరణాల నమోదు శాఖలో చేసొచ్చారు. మనిషి నీతిమంతుడు, సమయానికి వస్తాడు, ఎవరినీ కసురుకోడు. ఉన్న చిక్కల్లా ఒక్కటే. పద్దెనిమిదేళ్లపాటు పుట్టుకలూ చావులూ రాయించీ రాయించీ, లోకంలో ఏదైనా రిజిస్టరులో ఎక్కాకే పుట్టినట్టు అనే నమ్మకం ఆయన రక్తంలో కలిసిపోయింది. కన్నతల్లి ఎదురుగా నిలబడి ఇదిగో బాబూ నా బిడ్డ అని చూపిస్తే, సంతోషం, నకలు ఏదమ్మా అని అడిగిన మనిషాయన.

ఆయన నిఘంటువు ప్రతిని మధ్యలో ఎక్కడో తెరిచారు. తెరుచుకున్న పేజీలో ధాతువు అనే మాట ఉంది. దాని కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని అర్థాలున్నాయి. ఒకే పేరు అయిదు చిరునామాల్లో కనపడితే ఏం చేయాలో ఆయనకు బాగా తెలుసు. పాత శాఖలో అలాంటివి ఎన్ని పట్టుకున్నారో లెక్కలేదు. వెంటనే విశాలాక్షి గారికి కబురు పెట్టారు.

"ఈ ధాతువు ఒకరా, అయిదుగురా?" అన్నారాయన.

ఒకటే మాటండి అని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. వ్యాకరణంలో క్రియకు మూలరూపాన్ని ధాతువంటారు. ఆయుర్వేదంలో రసం, రక్తం, మాంసం, కొవ్వు, ఎముక లాంటి ఏడింటినీ అంటారు. గనుల వాళ్లకు లోహం తీసే ముడిరాయి ధాతువు. బౌద్ధంలో స్తూపం కింద భద్రపరిచిన మహనీయుల అస్థికలు. సంగీతంలో పాటలో సాహిత్యం తీసేస్తే మిగిలే స్వరభాగం. వినడానికి ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటాయి గానీ, లోపల ఉన్నది ఒకటే ఊహ. అది చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగింది, ఎందుకంటే ఆ ఒక్క అట్ట రాయడానికి ఆవిడ ఎనిమిది నెలలు తిరిగారు.

"ధా అనే మూలం నుంచి వచ్చిందండి. నిలపడం, మోయడం అని దానర్థం. కింద ఉండి దేన్నయినా మోసేది ధాతువు. ఒంటిని మోసేదీ, మాటను మోసేదీ, పాటను మోసేదీ అన్నీ అదే."

"ఆ మూలాన్ని ఏమంటారు?"

"దాన్నీ ధాతువనే అంటారండి."

డైరెక్టరు గారు కలం కింద పెట్టారు. తల్లి పేరూ బిడ్డ పేరూ ఒకటేనన్న కేసు తన సర్వీసులో చూడలేదన్నారు. ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. "మూలము నిర్ధారణ కాని పదములను ప్రభుత్వ వ్యయముతో ముద్రించుట క్రమశిక్షణారాహిత్యమునకు దారితీయును. కావున ప్రతి పదమునకు సక్షమ అధికారి జారీ చేసిన జనన ధ్రువపత్రము జతపరచిన మీదటనే వ్రాతప్రతి ముద్రణకు అనుమతించబడును. తొలి విడతగా 'ధాతువు' విషయమై విచారణ చేపట్టవలెను."

పాత శాఖ నుంచి 'నమూనా-1' అనే దరఖాస్తు ఫారాలు కట్టలు కట్టలుగా దిగాయి. శిశువు పేరు, లింగము, పుట్టిన తేదీ, స్థలము, తల్లి, తండ్రి, పుట్టినప్పుడు బరువు. ఖాళీ వదలరాదు. బరువు గడి దగ్గర ఆవిడ ఆగిపోతే, సూపరింటెండెంట్ షేక్ మస్తాన్ వలీ గారు అట్టముక్కను తీసుకెళ్లి టపా తూచే త్రాసులో పెట్టి నాలుగు గ్రాములని రాశారు. మూడు రోజులకు ఫారం తిరిగొచ్చింది. శిశువు తక్కువ బరువుతో ఉన్నందున వైద్యాధికారి అభిప్రాయం జతపరచాలట.

దాంతోపాటు ఇంకో మెమో కూడా వచ్చింది. పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలి కదా, ఈ పదం మూడు వేల సంవత్సరాల నాటిదని మీరే నోటుఫైలులో రాశారు, ఇంత జాప్యానికి కారణమేమిటో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. విశాలాక్షి గారు ఆ మెమో చదివి, మంచినీళ్లు తాగి, ఆ కాలంలో తాను ఉద్యోగంలో చేరలేదని జవాబు రాశారు. జవాబు సంతృప్తికరంగా ఉందని ఒప్పుకున్నారు.

ఏడాది దాటిన పుట్టుకలను నమోదు చేయాలంటే స్థానిక విచారణ జరగాలి. అందుకోసం డిప్యూటీ తహసీల్దారు బొడ్డు సత్యానందం గారిని డిప్యుటేషన్ మీద తెప్పించారు. ఆయన చేతిసంచీ, స్టాంపుప్యాడూ పట్టుకుని అయిదు చిరునామాలూ తిరిగాడు. విశాలాక్షి గారు వెంట వెళ్లారు, వెళ్లకపోతే ఏం రాసుకొస్తాడోనన్న భయంతో.

సంస్కృత కళాశాలలో వ్యాకరణ పండితుడు ఈ పదం తమ ఇంట్లోనే పుట్టిందనీ, మిగతావాళ్లందరూ ఎత్తుకుపోయారనీ ప్రమాణం చేశాడు. గనుల ఆఫీసులో భూగర్భ శాస్త్రవేత్త తమ దగ్గర పుట్టిన దాఖలా భూమిలోనే ఉందన్నాడు, కావాలంటే తవ్వి చూపిస్తానన్నాడు. మ్యూజియం క్యూరేటరు గాజుపెట్టె చూపించి, అసలు ధాతువే ఇక్కడుంది, ఇంకా విచారణ దేనికండీ అన్నాడు. వీణ వాయించే ఒక పెద్దావిడ సాక్ష్యం చెప్పకుండా వాయించి వినిపించింది. సత్యానందం గారు మొత్తం విని, "సాక్షి నోరు విప్పలేదు" అని రాసుకున్నాడు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పే డాక్టర్ ఇందుకూరి కనకదుర్గ ఒక్కతే కొంచెం తెలివిగా మాట్లాడింది.

"ఏవండీ, మీ ఒంట్లో కూడా ఏడున్నాయి. మిమ్మల్ని కూడా విచారించుకోకూడదూ?" అంది.

ఆయన తన నాడి పట్టి చూసుకున్నాడు. కానీ విచారణాధికారే సాక్షి కాకూడదని నియమం గుర్తొచ్చి మానేశాడు.

పత్రికల్లో ప్రకటన వేశారు. ధాతువు అను పదము పుట్టుక విషయమై అభ్యంతరములు గలవారు పదిహేను దినములలో తెలియజేయవలెను. అభ్యంతరాలు మూడు వందల పన్నెండు వచ్చాయి. వాటిలో రెండు వందలు ధాతుపుష్టి లేహ్యాలు అమ్మేవాళ్లవి. వాళ్ల అభ్యంతరం పుట్టుక మీద కాదు, వాళ్ల చిరునామా, ఫోను నంబరు రికార్డులో ఉండాలని.

ఫిబ్రవరి చివర్లో నివేదిక వచ్చింది. అయిదు చోట్లా పెద్దమనుషులు ఈ పదమును తాము చిన్నతనము నుండి ఎరుగుదుమని వాంగ్మూలమిచ్చినారనీ, కానీ ఒకే శిశువు అయిదు గృహములలో జన్మించుట ప్రకృతి విరుద్ధమనీ, అందువల్ల ఎవ్వరినీ నమ్మజాలమనీ దాని సారాంశం. తుది నిర్ణయం వెలువడే వరకు ప్రభుత్వ సంస్థలలో సదరు పదము వాడుకను నిలిపివేయడమైనదని డైరెక్టరు గారు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు.

ఆ మార్చి నెల ఎలా గడిచిందో చెబితే నమ్మడం కష్టం. ఆయుర్వేద కళాశాల పరీక్షలో మానవ శరీరంలోని ఏడు నమోదు కానివాటిని వివరింపుము అని ప్రశ్న వచ్చింది. గనుల నుంచి వెళ్లే లారీల పత్రాల్లో సరుకు పేరు దగ్గర ఒక రకమైన రాయి అని రాశారు. మ్యూజియంలో గాజుపెట్టె మీది పలకకు పాత పేపరు అంటిస్తే, రెండువేల ఏళ్ల నాటి అస్థికలను చూడ్డానికి దూరదేశాల నుంచి వచ్చిన భిక్షువులు ఆ పేపరుకే మొక్కి వెళ్లారు. తెలుగు పంతుళ్లు క్రియలకు ప్రస్తుతానికి మూలం లేదు, ఉత్తర్వులు వచ్చాక చెప్పుకుందాం అని క్లాసులో ముందుకు పోయారు. పిల్లలెవరూ బాధపడినట్టు లేదు.

బాధపడింది విశాలాక్షి గారే. మార్చి ఇరవై దాటింది. ధాతువు ఒక్కటీ ఆగినందుకు మొత్తం ప్రతి ఆగింది. కావాలంటే ఆ ఒక్క పదం తీసేసి పంపించండి అని కూడా ఆవిడ అడిగి చూశారు. అడిగినందుకు ఇంటికెళ్లి తిట్టుకున్నారు కూడా. ఒకటి తీసేసినా మిగతా నలభై ఒక్క వేల మూడు వందల అయిదింటికీ పత్రాలు కావాలి కదండీ అన్నారు డైరెక్టరు గారు, ఎంతో మర్యాదగా.

ఆవిడ మూడు వంతుల ఆశ వదులుకుని, పెట్టెల పక్కన కూర్చుని ఉండగా మస్తాన్ వలీ గారు పాత నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. వలీ గారికి ఆఫీసు నియమాలంటే భక్తీ లేదు, కోపమూ లేదు. తాళం ఎలా తీయాలో తెలిసినవాడికి తాళం మీద ఎలాంటి అభిప్రాయం ఉంటుందో ఆయనదీ అదే. దొరికిన శిశువు అనే సెక్షను తీసి ఆవిడ ముందు పెట్టారు. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డ దొరికితే, దొరికిన చోటే పుట్టిన స్థలం, దొరికిన తేదీయే పుట్టిన తేదీ. ఎవరికి దొరికిందో వాళ్లు సంరక్షకులుగా సంతకం పెడితే చాలు. విచారణ అక్కర్లేదు. ఈ ఆఫీసులో ధాతువుకు సంబంధించి అన్నిటికంటే పాత కాగితం ఆవిడ రాసిన అట్టే కాబట్టి, ఆవిడకు దొరికినట్టే.

"మూడు వేల ఏళ్ల మాటను దిక్కులేక పడి ఉంటే నేను తెచ్చుకున్నానని రాయమంటారా వలీ గారూ?" అన్నారావిడ.

"దాని వయసు దానికి తెలుసు మేడమ్. మనం తక్కువ రాసినంత మాత్రాన అది చిన్నదైపోదు. మీ పుస్తకానికి పదకొండు రోజులే ఉంది."

ఆవిడ ఆ ఫారం దగ్గరికి లాక్కున్నారు. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎంతోమంది పండితులు, వైద్యులు, రాళ్లు కొట్టేవాళ్లు నోళ్లలో పెట్టుకుని ఇంతదూరం మోసుకొచ్చిన మాటకు, తాను పుట్టిల్లు లేదని సంతకం పెట్టాలి. పెట్టకపోతే మిగతావన్నీ మిల్లుకు పోతాయి. పెట్టారు. పుట్టిన తేదీ, ఆ అట్ట రాసిన రోజు, ఇరవై ఒక్క ఏళ్ల కిందటి నవంబరు పన్నెండు. స్థలం, పరిభాషా సంస్థ రెండో అంతస్తు, పడమటి గది, కిటికీ పక్కన. సంరక్షకురాలు, గుడిమెట్ల విశాలాక్షి.

డైరెక్టరు గారి ఆనందం చెప్పతరం కాదు. ధ్రువపత్రం ఆయన స్వహస్తాలతో అందజేశారు. ధాతువు సదరు నవంబరు పన్నెండున జన్మించినట్లు నిర్ధారించడమైనదనీ, అంతకు పూర్వం ఈ పదమును వాడిన ఋషులు, వైద్యులు, వైయాకరణులు మొదలగువారి అనధికార చర్యలను ఉదార దృష్టితో క్షమించడమైనదనీ ఉత్తర్వు వెలువడింది. అంతటితో ఆగలేదు. ఈ పద్ధతికి ధాతువు నమూనా అని పేరుపెట్టి, మిగిలిన పదాలన్నిటికీ వారంలోగా సంరక్షకులను నియమించాలని ఆదేశించారు.

ఉద్యోగులు ముప్పయి అయిదుగురు, పదాలు నలభై ఒక్క వేల పైచిలుకు. తలకు పన్నెండు వందల దాకా పడ్డాయి. ఇన్నేళ్లలో నిఘంటువు ఏ గదిలో ఉంటుందో తెలియనివాళ్లు కూడా ఆ వారం రోజులూ పడమటి గదిలో వరసలో నిలబడ్డారు. పేర్లు చదివి చీటీలు పంచుతుంటే రేషను షాపు దగ్గరున్నట్టే ఉంది. గురుత్వాకర్షణ వాచ్‌మన్ చిట్టిబాబుకు పడింది. ఇది పెద్దయ్యాక నన్నేమన్నా అడుగుద్దా అని అతను రెండుసార్లు అడిగి గాని వేలిముద్ర వేయలేదు. టైపిస్టు సరోజినీదేవి తనకొచ్చిన గ్రహణాలు రెండూ శుభం కాదని ఇంద్రధనుస్సుతో మార్పించుకుంది. రోగాల పేర్లు మాత్రం ఎవ్వరూ తీసుకోలేదు. కుష్ఠు, క్షయ, గవదబిళ్లలు, కోరింతదగ్గు అన్నీ బల్ల మీద మిగిలిపోతే వలీ గారు మొత్తం తన పేరున రాసుకున్నారు. జబ్బులకు మాత్రం ఒక దిక్కుండొద్దా అన్నారు.

అట్టలే మూల దస్తావేజులని తేల్చి, ఒక్కొక్కదాని మీదా నమోదు సంఖ్యతో ఊదారంగు ముద్ర వేశారు. వెనకవైపు వేద్దామంటే ఎక్కడా చోటు లేదు, అంతా విశాలాక్షి గారి చేతిరాతే, అర్థాలూ మూలాలూ వాడుకలూ అంచుల దాకా కిక్కిరిసి ఉన్నాయి. అందుకని ముందువైపు పదం పక్కన వేశారు. మార్చి ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం ప్రతి అచ్చుకు వెళ్లింది. ఆవిడ ఆ రోజు ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచారు.

వారానికి ప్రూఫులొచ్చాయి. పేజీకి అయిదు గడులు. పదము, నమోదు సంఖ్య, పుట్టిన తేదీ, పుట్టిన స్థలము, సంరక్షకుని పేరు. ఆవిడ మొదటి పేజీ చూశారు, చివరి పేజీ చూశారు, మధ్యలో ఇరవై చోట్ల తిప్పి చూశారు. అర్థాలు ఎక్కడా లేవు. ప్రెస్సువాళ్ల పొరపాటనుకుని గబగబా డైరెక్టరు గారి గదికి వెళ్లారు.

"సార్, ఇందులో అర్థాలు లేవు."

"పాత ప్రతి బదులు రిజిస్టరే అచ్చుకు పంపించాను. జనన రిజిస్టరులో అర్థం గడి ఉండదు కదండీ," అన్నారాయన. కోపంగా కాదు, తెలియనివాళ్లకు తెలియజెప్పే పద్ధతిలోనే అన్నారు. "పుట్టిన బిడ్డకు పేరుంటుంది, తేదీ ఉంటుంది. అర్థం ఉంటుందా? ఆ అర్థాల వల్లే కదా ఇంత తగాదా వచ్చింది. అయిదు అర్థాలున్నచోట అయిదు అభ్యంతరాలు. ఇప్పుడు చూడండి, ఒక్క అభ్యంతరం లేని నిఘంటువు."

"అర్థాలు లేకపోతే అది నిఘంటువెలా అవుతుందండీ?"

"ముఖపత్రం మీద నిఘంటువని రాశాం కదా."

 ఆవిడ బయటికి వచ్చి, ప్రూఫులు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. గొడవ చేయొచ్చు. పై అధికారికి రాయొచ్చు. పైవాళ్లు ఆ కాగితం మీద డైరెక్టరు గారి అభిప్రాయం కోరతారు, ఈయన తన అభిప్రాయం చెబుతాడు, అంతే కదా. ఏప్రిల్ నెలాఖరుకు పుస్తకం వచ్చింది. బంగారు అక్షరాలు, పట్టు రిబ్బను, రెండు వేల ప్రతులు. ఆవిష్కరణ సభలో పెద్దలు అయిదుగురు మాట్లాడారు, ఎవ్వరూ పుస్తకం తెరవలేదు కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. విశాలాక్షి గారికి శాలువా కప్పారు. పుస్తకం చేతిలో పెట్టారు. ఆవిడ కోరుకున్నది అదే, చేతిలో పట్టుకుని చూసుకోవాలని. పట్టుకున్నారు గానీ చూసుకోలేకపోయారు.

మే నెల రెండో వారంలో అట్టల సంగతి తేలింది. ప్రాజెక్టు రద్దయితేనే కాదు, పూర్తయినా సహాయక కాగితాలను నిర్మూలించాలని నియమంలో రెండో వాక్యం ఉందట. ఇన్నాళ్లూ ప్రాజెక్టేదీ పూర్తి కాలేదు కాబట్టి ఆ వాక్యం ఎవరి కంటా పడలేదు. ఒకరోజు పొద్దున పదిన్నరకు కాగితం మిల్లు వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు పైకొచ్చి మొదటి చెక్కపెట్టెను ఎత్తి బల్ల మీద పెట్టారు.

విశాలాక్షి గారు కుర్చీలోంచి లేవలేదు. పెట్టె మూత తీసి ఉంది. పై అట్ట మీద ఊదారంగు ముద్ర కనపడుతోంది. ఆవిడ దానివైపు చూస్తూ చూస్తూ, పక్కనున్న వలీ గారిని ఒక ప్రశ్న అడిగారు.

"జనన రిజిస్టర్లు ఎన్నేళ్లు ఉంచాలండీ?"

"శాశ్వతం మేడమ్," అని, ఆ మాట అన్నాక వలీ గారు ఆవిడ వైపు తిరిగి చూశారు.

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడ ఏది రాసినా తన మాటల్లోనే రాశారు, ఆఫీసు భాష కావలసిన చోట ఎవరో రాస్తే సంతకం పెట్టేవారు. ఆరోజు కాగితం తీసుకుని ఆ భాషలో తానే రాశారు. "పై విషయమై మనవి. తమరి ఉత్తర్వు మేరకు మూల దస్తావేజులుగా గుర్తించి ముద్ర వేయబడిన నలభై ఒక్క వేల మూడు వందల ఆరు జనన నమోదు పత్రములను మిల్లుకు తరలించుటకు వ్యాను వచ్చియున్నది. జనన రికార్డులను ధ్వంసము చేయుటకు తమరి లిఖితపూర్వక ఆదేశములు కోరడమైనది." రాసి, వ్యాను మనుషులను కాసేపు కూర్చోమని, తానే పట్టుకెళ్లి ఇచ్చారు.

డైరెక్టరు గారు చదివి లేచి నిలబడ్డారు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆయన వరదల్లో మెడలోతు నీళ్లలో రిజిస్టర్లను నెత్తిన పెట్టుకుని నడిచిన మనిషి. ముఖం తెల్లబడిపోయింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పడమటి గదికి వచ్చి, మిల్లు మనుషుల ముందున్న బల్ల మీంచి పెట్టె తానే దింపుకున్నారు. మర్నాటికి ఇనుప బీరువాలు వచ్చాయి. గది తలుపుకు కొత్త తాళం, ఆ తలుపు దగ్గర చిట్టిబాబుకు డ్యూటీ. శాశ్వతంగా భద్రపరచవలెను అని బోర్డు.

జనన రికార్డుకు ఇంకో నియమం ఉంది. ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా నకలు ఇవ్వాలి. ఆ సంగతి వలీ గారు ఆయుర్వేద కళాశాలకు ఫోను చేసి, డాక్టర్ కనకదుర్గకు మామూలుగా, ఎండలెలా ఉన్నాయండీ అన్నట్టుగా చెప్పారు. మర్నాడు ఆవిడ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. శిశువు పేరు ధాతువు. నకలు కోరుటకు కారణము, చదువు. వలీ గారు అట్ట తీసి జెరాక్సు మిషను దగ్గరికి వెళ్తూ, దస్తావేజును పూర్తిగా ఇవ్వాలి, ఒకవైపే ఇస్తే చెల్లదని గట్టిగా, డైరెక్టరు గారి గదికి వినపడేట్టు అన్నారు. కనకదుర్గ ఆ కాగితం వెనకవైపు చదువుతూ అక్కడే నిలబడిపోయింది. ఒంటిని మోసేది, మాటను మోసేది, పాటను మోసేది, నేలలోని లోహాన్ని మోసేది, పోయినవారి జ్ఞాపకాన్ని మోసేది. మర్నాడు తన క్లాసు అరవై మందినీ పంపించింది.

జూను నాటికి వరండాలో వరస మెట్ల దాకా వచ్చింది. గనుల వాళ్లు, తెలుగు పంతుళ్లు, మ్యూజియం వాళ్లు, నర్సులు, పాలిటెక్నిక్ పిల్లలు. ఏ మాట కావాలో దరఖాస్తులో రాస్తున్నారు, పట్టుకెళ్తున్నారు, మళ్లీ వస్తున్నారు. కింద గోదాములో బంగారు అక్షరాల నిఘంటువు రెండు వేల ప్రతులూ కట్టలు విప్పకుండా ఉన్నాయి.

విశాలాక్షి గారి ఆఖరి పనిదినాన డైరెక్టరు గారు ఆవిడ గదిలోకి వచ్చి కిటికీలోంచి ఆ వరసను చూశారు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"చూశారా విశాలాక్షి గారూ? నిఘంటువుకు ఒక్కడు రాలేదు. ధ్రువపత్రాలకు ఇంతమంది. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా, జనానికి కావలసింది అర్థాలు కాదండీ."

"అవునండీ," అన్నారావిడ, మిషనులోంచి వచ్చిన కాగితాన్ని తిరగేసి, వెనకవైపు అక్షరాలు ఎక్కడా చెదరకుండా పడ్డాయో లేదో చూసుకుని, సంతకం పెడుతూ.